వీడియోలో కనపడని కుర్చీ

పోయిన నెల మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక వీడియో పెట్టాడు. మీరూ చూసే ఉంటారు, అది ఏటా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. జపాన్‌లో ఒక బడి. చిన్న చిన్న పిల్లలు ముందుకు వంగి, తడిగుడ్డని రెండు చేతులతో నేలకి నొక్కిపట్టి, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు తీస్తూ తుడుస్తుంటారు. కింద "నాలుగో తరగతి దాకా పరీక్షలే ఉండవు, ముందు సంస్కారం నేర్పుతారు, అందుకే ఆ దేశం అలా ఉంది" అని రాసి ఉంది. దానికి అందరూ చప్పట్లు, దండాలు. ఆఖర్న బాబాయి నన్ను అడిగాడు: "ఏమ్మా, నిజమేనా? మన దగ్గర కూడా ఇలా పెడితే పిల్లలు బాగుపడతారు కదా?"

నాలుగు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను, కుదరలేదు. మా అమ్మాయి టోక్యోలో, తూర్పు వైపు, ఒక మామూలు సర్కారు బడిలో నాలుగో తరగతి చదువుతోంది. ఇక్కడ మనవాళ్ళు చాలామంది టోక్యోలోనే నిషి-కసాయి అనే పేట చుట్టుపక్కల ఉండి పిల్లల్ని సీబీఎస్‌ఈ చెప్పే ఇండియన్ స్కూళ్ళకి పంపుతారు, రేపు వెనక్కి వెళ్ళాల్సి వస్తే ఇబ్బంది పడకూడదని. అది తప్పని నేననను. మేం మాత్రం ఇంటి పక్క బడికే పంపాం. ఈ నాలుగేళ్ళలో ఆ బడి మీద నాకు ఎంత గౌరవం పెరిగిందో అంత దిగులూ పెరిగింది, ఆ రెండూ ఒకే చోట నుంచి పుట్టాయి.

ఆ వీడియో అబద్ధం కాదు. కానీ మనం అందులోంచి ఏరుకుంటున్నది చీపురు ఒక్కటే. ఆ చీపుళ్ళు పట్టుకున్న పిల్లలంతా ఒకే గదిలోకి ఎలా వచ్చారని ఎవరూ అడగరు. ఆ గదిలో ఎవరు లేరని అసలే అడగరు.

ముందు ఆ పరీక్షల సంగతి. నాలుగో తరగతి దాకా పరీక్షలుండవన్నది వట్టి మాట. ఒకటో తరగతి నుంచే పాఠం అయినప్పుడల్లా టెస్టు పెడతారు. ఒకటో తరగతిలో 80 కాంజీలు, అంటే చైనా లిపి నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, ఆరో తరగతి అయ్యేసరికి మొత్తం 1,026 రావాలి. వాటికి వారం వారం చిన్న చిన్న టెస్టులు. రెండో తరగతిలో ఎక్కాలు. "ని నిన్ గా షి, ని సాన్ గా రోకు" అంటూ మా పాప ఇల్లంతా తిరుగుతుంటే నాకు మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని రెండు రెళ్ళు నాలుగు అనిపించిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఎక్కాన్ని ఎక్కుతూ చెప్పాలి, దిగుతూ చెప్పాలి, చెదరగొట్టి అడిగినా చెప్పాలి, అప్పుడే కార్డు మీద ముద్ర పడుతుంది. లేనివి ర్యాంకులు. ఎవరు ఫస్టో ఎవరు లాస్టో గోడ మీద పెట్టరు. ప్రోగ్రెస్ కార్డులో ఒక్కో సబ్జెక్టుకి "బాగా చేస్తోంది", "చేస్తోంది", "ఇంకొంచెం" అని మూడే గళ్ళు. తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్యలో దాదాపు ఎవర్నీ ఆపరు, ఒక ఏడాది పుట్టినవాళ్ళంతా కలిసే పై తరగతికి వెళతారు. ఇంత నెమ్మదిగా నడిపినా, చాలా దేశాల్లో పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షల్లో 2022లో, లెక్కల్లో జపాన్ పిల్లలు ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి మొత్తంలో ముందున్నారు. కాబట్టి చదువు పక్కన పెట్టి సంస్కారం నేర్పుతారన్నది కూడా నిజం కాదు.

ఇక క్యూషోకు, అంటే బడి భోజనం. నేను గంటసేపైనా మాట్లాడగలిగిన విషయం ఇది. మా పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తల్లిదండ్రుల్ని ఒకరోజు భోజనం రుచి చూడ్డానికి పిలిచారు. గంట కొట్టగానే ఆరేడుగురు పిల్లలు తెల్ల ఏప్రాన్లు, తెల్ల టోపీలు, మాస్కులు తగిలించుకుని వంటగది వైపు వెళ్ళారు. సూపు ఉన్న పెద్ద గిన్నెని ఇద్దరు చెరో వైపు పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ తెచ్చారు. టీచరు సాయం పట్టలేదు, పక్కన నడిచింది అంతే. మిగతా పిల్లలు ట్రేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సూపు వడ్డించే పాప గరిటె ఎత్తిన ప్రతిసారీ ముందు గిన్నెలోకి చూసుకుంటోంది, తర్వాత వరసని చూస్తోంది, ఆ తర్వాత పోస్తోంది. ముప్పై మంది ఉన్నారు, అందరికీ సరిపోవాలి. చివర్లో కాస్త తగ్గింది. ఆ పాప టీచరు వైపు చూసింది. టీచరు ఏమీ చెప్పకుండా తరగతి వైపు చూసింది. ఇద్దరు పిల్లలు లేచి వాళ్ళ గిన్నెల్లోంచి తిరిగి పోశారు. అది జరిగాక కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మామూలుగా అందరూ చేతులు జోడించి "ఇతదాకిమాస్" అని తినడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. భాగహారం నేను పుస్తకంలో నేర్చుకున్నాను, ఆ పిల్ల గరిటెతో నేర్చుకుంటోంది.

ఆ భోజనం వెనక ఎంత ఉందో చూడండి. 1954లోనే దానికి చట్టం చేశారు. చాలాచోట్ల పోషకాహారం చదువుకున్నవాళ్ళు నెల మెనూ రాస్తారు. అందులో ఏ దినుసు ఒంటికి కండ ఇస్తుంది, ఏది శక్తి ఇస్తుంది, ఏది ఒంటిని సరిగ్గా ఉంచుతుంది అని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో విడదీసి ఇంటికి పంపుతారు. పిల్లలు తినేముందు హెడ్మాస్టరో, ఆయన తరఫున ఇంకొకరో తిని చూడాలి. టీచరు పిల్లలతో పాటు అదే గదిలో, అదే భోజనం తింటుంది. మేం గొడ్డు మాంసం తినం కాబట్టి మెనూ రాగానే నేను పెన్ను పట్టుకుని కూర్చుంటాను, ఆ రోజుల్లో మాత్రం డబ్బా కట్టి పంపిస్తాను, బడి ఒప్పుకుంది. శుక్రవారం ఆ తెల్ల ఏప్రాన్ ఇంటికొస్తుంది. ఉతికి, ఇస్త్రీ చేసి సోమవారం పంపాలి, ఎందుకంటే వచ్చే వారం దాన్ని వేసుకునేది ఇంకొకరి బిడ్డ. మొదటిసారి ఇస్త్రీ చేస్తున్నప్పుడు, దీన్ని పోయిన వారం ఇంకో తల్లి ఇలాగే చేసి ఉంటుంది కదా అనిపించింది.

ఆ గదిలో ఎవరెవరున్నారో తెలుసా? మేస్త్రీ పనికి వెళ్ళే ఆయన కొడుకు, డాక్టరమ్మ కూతురు, తల్లి ఒక్కతే రెండు ఉద్యోగాలు చేసి పెంచుతున్న పిల్లాడు, నేపాల్ నుంచి పోయినేడు వచ్చిన అక్కాచెల్లెళ్ళలో చిన్నది, మా పాప. అందరూ ఆ నాలుగు వీధులవాళ్ళే. ప్రైమరీలో ప్రైవేటుకి వెళ్ళేవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళలో చాలామందికి అడ్రసుని బట్టే బడి వస్తుంది. టీచర్లని రాష్ట్రం లాంటి ప్రిఫెక్చర్ తీసుకుంటుంది, కొన్నేళ్ళకోసారి బడి మారుస్తుంది, అందుకని మంచి టీచర్లంతా ఒకే చోట పోగుపడరు. వాళ్ళ జీతంలో మూడో వంతు కేంద్రం ఇస్తుంది, కాబట్టి ఊరు పేదదైనంత మాత్రాన భారమంతా దాని మీదే పడదు. పాఠ్యపుస్తకాలు 1963 చట్టంతో అందరికీ ఉచితం, ధనవంతుడికైనా సరే. నేను జపాన్ బడిలో నిజంగా నేర్చుకోదగ్గది ఏమిటంటే ఇదే చూపిస్తాను. ఊడవడం దీని తర్వాత వచ్చేది. అందరి బిడ్డలూ ఉన్న గదిని అందరి బిడ్డలూ ఊడుస్తారు.

బాబాయి అడిగిన "మన దగ్గర" గురించి ఇక్కడే చెప్పాలి. నేను కోస్తాలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. మా బడిలోనూ ఊడ్చేవాళ్ళం. ఆడపిల్లలం ఊడ్చేవాళ్ళం, మగపిల్లలు బెంచీలు జరిపేవాళ్ళు. దొడ్లు కడగడానికి ఎవర్ని పిలిచేవారో నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎప్పుడూ ఆ ముగ్గురినే. వాళ్ళనే ఎందుకు పిలిచేవారో మాకందరికీ తెలుసు, ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ చీపురూ ఇక్కడి చీపురూ ఒకటే అని నేనెలా అనగలను? మధ్యాహ్న భోజనం మనకీ ఉంది, మంచి పథకం, ఎంతోమంది పిల్లల్ని బడిలో నిలబెట్టింది. కానీ కాస్త డబ్బున్న ఏ ఇంటి బిడ్డా ఆ పళ్ళెం ముందు కూర్చోదు. గ్రూపులో చప్పట్లు కొట్టిన మా బంధువుల్లో ఒక్కరి పిల్లలు కూడా సర్కారు బడిలో లేరు. దీన్ని నేను నిందగా అనట్లేదు, మా ఇంట్లోనూ మా తమ్ముణ్ణి ఆరో తరగతిలోనే ప్రైవేటుకి మార్చారు. అయితే వీడియో చూసి మనం పిల్లల చేతికి చీపురివ్వాలనుకుంటే, ముందు మన పిల్లల్ని ఎవరి పక్కన కూర్చోబెడతామో చెప్పాలి.

ఇదంతా ఊరికే రాదు. దీని ఖర్చు మొదట టీచర్ల మీద పడుతోంది. 2018లో ఓఈసీడీ చేసిన సర్వేలో జపాన్ మిడిల్ స్కూలు టీచరు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. పాల్గొన్న దేశాల సగటు 38. పాఠం చెప్పడంతో అయిపోదు కదా, భోజనం దగ్గర ఉండాలి, ఊడ్చేటప్పుడు ఉండాలి, సాయంత్రం క్లబ్బులు చూడాలి, పిల్ల దారిలో పడి మోకాలు గీరుకుంటే ఇంటికి ఫోన్ చేయాలి. మా పాప టీచరు రాత్రి ఏడున్నరకి స్టాఫ్ రూమ్ నుంచి ఫోన్ చేసిన రోజులున్నాయి, వెనక ఇంకా నలుగురైదుగురి మాటలు వినిపించేవి. ఓవర్‌టైమ్ కట్టరు. 1971లో చేసిన ఒక చట్టం ప్రకారం నెల జీతానికి 4 శాతం అదనంగా కలిపి, ఎన్ని గంటలు చేసినా అంతే అన్నారు. ఇన్నేళ్ళకి, 2025లో, దాన్ని మెల్లమెల్లగా 10 శాతానికి పెంచేలా చట్టం మార్చారు. ఈలోపు టీచర్లు కావాలనుకునే కుర్రవాళ్ళు తగ్గిపోయారు. వీడియోలో మనం మెచ్చుకుంటున్న ఆ క్రమశిక్షణలో సగం, ఇంటికి వెళ్ళలేకపోయిన ఆ టీచర్ల సాయంత్రాలే.

రెండో ఖర్చు పిల్లల మీద.

జపనీస్‌లో "మిన్నా" అంటే "అందరూ". బడిలో రోజుకి ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కలేదు. మిన్నా కలిసి తిందాం, మిన్నా కలిసి పాడదాం, మిన్నా ఆగి ఉన్నారు చూడు. మంచి మాటే. కానీ ఆ మాటకి ఒక బరువుంది, అది నాకు మా పాప చెవుల దగ్గర తెలిసింది. మనింట్లో ఆడపిల్లకి చెవులు కుట్టించడం మామూలు, ఏడాది లోపే కుట్టించాం, చిన్న బంగారు దుద్దులు. బళ్ళో చేరిన రెండో వారం టీచరు పిలిచి, తీసేసి పంపగలరా అని చాలా మర్యాదగా అడిగింది. ఆటల పీరియడ్‌లో తగిలితే ప్రమాదం అంది, అది సరే. ఇంకెవరికీ లేవు కదా అని కూడా అంది. నేను మా ఆచారం వివరిస్తూ ఉత్తరం రాశాను. హెడ్మాస్టరుతో మాట్లాడారు. ఆటలున్న రోజు పైన టేప్ వేసేట్టు ఒప్పుకున్నారు. బడి బాగానే విన్నది, నేను గెలిచాననే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండా మా పాపే ఒక రాత్రి అద్దం ముందు నిలబడి "తీసేయమ్మా" అంది. ఎవరైనా ఏమన్నా అన్నారా అంటే లేదంది. ఏడిపించారా అంటే లేదంది. "ఎవరూ ఏమనలేదు. చూస్తారంతే" అంది. తీసేశాను. చిల్లులు పూడిపోతాయేమోనని సెలవుల్లో మళ్ళీ పెడుతుంటాను.

ఆ చూపు ఎంత దూరం పోతుందో చెప్పే కేసు ఒకటుంది. ఒసాకాలో ఒక ప్రభుత్వ హైస్కూలు విద్యార్థిని తన జుట్టు పుట్టుకతోనే గోధుమ రంగని చెప్పినా నల్లరంగు వేసుకురమ్మని వేధించారని 2017లో కోర్టుకి వెళ్ళింది. అప్పటికే ఆమె బడికి వెళ్ళడం మానేసింది. వెళ్ళకపోయేసరికి బడివాళ్ళు తరగతి పట్టీలోంచి ఆమె పేరు, గదిలోంచి ఆమె కుర్చీ తీసేశారు. 2021లో తీర్పొచ్చింది. జుట్టు గురించిన నియమం చట్టవిరుద్ధం కాదంది కోర్టు, కుర్చీ తీసేయడం మాత్రం తప్పంది, 3,30,000 యెన్‌ల పరిహారం ఇమ్మంది. ఆ మరుసటి ఏడు టోక్యో ప్రభుత్వ హైస్కూళ్ళలో జుట్టుకి నల్లరంగు వేయించే నియమాలు ఎత్తేశారు. మంచిదే. నాకు మాత్రం ఆ తీర్పులో మనసులో ఉండిపోయింది కుర్చీ.

ఎందుకంటే మా పాప తరగతిలో ఒక కుర్చీ ఉంది. జూన్ నుంచి ఖాళీ. ఆ అబ్బాయి రావట్లేదు. జబ్బేమీ లేదు, గొడవేమీ జరగలేదంటారు, పొద్దున్నే తయారవుతాడట, గుమ్మం దగ్గర బూట్లు వేసుకోలేడట. ఇలాంటి పిల్లల్ని ఇక్కడ "ఫుతోకో" అంటారు. జబ్బు వల్లో, డబ్బు లేకో కాకుండా ఏడాదిలో 30 రోజులు, అంతకు మించి బడికి రాలేకపోయినవాళ్ళు. 2023 విద్యాసంవత్సరంలో ప్రైమరీ, మిడిల్ కలిపి 3,46,482 మంది అని విద్యాశాఖే లెక్క చెప్పింది. వరసగా పదకొండో ఏడు పెరిగిన లెక్క అది. మిడిల్ స్కూల్లో అయితే నూటికి ఆరుగురికి పైనే. పిల్లలు పుట్టడమే తగ్గిపోతున్న దేశంలో ఈ అంకె పెరుగుతోందంటే ఊరుకోగలమా? ప్రభుత్వం ఏమీ చేయట్లేదని కాదు. 2016లో చట్టం చేసి, ఈ పిల్లలకి విశ్రాంతి కూడా అవసరమని ఒప్పుకున్నారు. 2019లో, బడికి తిరిగి రప్పించడమొక్కటే గురి కాకూడదని బడులకి రాశారు. బయట నేర్చుకునే చోట్లు పెరుగుతున్నాయి. అయినా "మిన్నా" అనే మాట చుట్టూ కట్టిన బడిలో, ఆ మాటలో ఇమడలేని పిల్లకి గదిలో ఒక మూలైనా లేదు, ఇల్లే మిగులుతోంది.

ఇంకో సంగతి. ఆ తొమ్మిదేళ్ళ సమానత్వం పదిహేనో ఏట ఒక్కసారిగా ఆగిపోతుంది. హైస్కూలుకి ఎంట్రన్స్ రాయాలి, నూటికి 98 మంది పైనే వెళతారు గానీ ఏ స్కూలన్నది "హెన్సాచి" తేలుస్తుంది, అంటే సగటు 50 అనుకుని నువ్వు ఎంత పైన ఎంత కింద ఉన్నావో చెప్పే అంకె. ప్రైమరీలో ఆరేళ్ళ పాటు ర్యాంకు ఎరగని పిల్లలు ఆ అంకెని నుదుటి రాతలా మోస్తారు. టోక్యోలో కాస్త స్తోమత ఉన్నవాళ్ళు అంతదాకా కూడా ఆగరు. నాలుగో తరగతి నుంచే జుకు, అంటే మన ట్యూషన్ సెంటర్ లాంటిదే, ఆరో తరగతి ఫిబ్రవరి 1 నుంచి ప్రైవేటు మిడిల్ స్కూళ్ళ ఎంట్రన్సులు. రాత్రి తొమ్మిదికి స్టేషన్ దగ్గర బరువు సంచులతో బయటికొచ్చే ఆ పిల్లల్ని చూస్తే నాకు విజయవాడ హాస్టళ్ళు గుర్తొస్తాయి. మా పాప తరగతిలోనూ ఈ ఏడు నలుగురు చేరారు. నిన్నటిదాకా కలిసి సూపు పంచుకున్న గదిలో ఇప్పుడిప్పుడే గీత పడుతోంది, పిల్లలకి అది అప్పుడే కనపడుతోంది.

ఇంతా చేసి మా బిడ్డలు ఆ "అందరి"లో పూర్తిగా లేరు కూడా. నిర్బంధ విద్య అన్నది జపాన్ పౌరులకే. విదేశీ పిల్లలు అడిగితే చేర్చుకుంటారు, ఉచితంగానే, మా పాపలాగే. అడక్కపోతే బడికి పంపాలన్న బాధ్యత తల్లిదండ్రుల మీద లేదు. 2019లో మొదటిసారి దేశమంతా లెక్క తీస్తే దాదాపు 20 వేల మంది విదేశీ పిల్లలు బడికి వెళ్ళట్లేదేమో, లేదా ఎక్కడున్నారో తెలియదని తేలింది. అప్పట్నుంచి వెతుకుతున్నారు, పిలుస్తున్నారు. చట్టం మాత్రం అలాగే ఉంది. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను.

మరి మీ పాపని తీసేస్తావా అని బాబాయి అడిగితే, తీయను. ఆ గరిటె, ఆ ఏప్రాన్, మేస్త్రీగారి అబ్బాయి పక్కన కూర్చుని తినడం, ఇవి నేను ఏ ఫీజు కట్టీ కొనలేను.

బడికి రాని ఆ అబ్బాయి ఇల్లు మా బిల్డింగ్‌కి రెండు సందుల అవతల. అందుకని బళ్ళో ఇచ్చిన కాగితాలు వాళ్ళ పోస్టు డబ్బాలో వేసే పని మా పాపకి అప్పగించారు. పోయిన నెలాఖరున కవరు సర్దుతూ మెనూ కాగితం అన్నిటికన్నా పైన పెట్టింది, అందులో 18వ తారీకు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఆ రోజు ఆగెపాన్. నూనెలో వేయించి, పంచదార కలిపిన సోయా పొడి అద్దిన రొట్టె అది, దాని పేరు చెబితే పిల్లలు ప్రాణం పెడతారు. "అది చూస్తే వస్తాడేమో" అంది.

18న రాలేదు. రానివాళ్ళ భాగం మిగిలితే కావాలన్నవాళ్ళంతా లేచి జాన్‌కెన్ వేసుకుంటారు, రాయి, కత్తెర, కాగితం అని, గెలిచినవాళ్ళు తీసుకుంటారు. ఆ రోజు ఆ ఒక్క రొట్టెకి పదిహేడు మంది లేచారట. మా పాప లేవలేదట.